నామం పెట్టిన టేపురికార్డరు

గంధం వాసన నాకు పడదు. తిరుపతిలో ఉంటూ ఈ మాట చెప్పుకోవడం ఇబ్బందే. ఏ ఇంటికి వెళ్ళినా, ఏ పెళ్ళికి వెళ్ళినా గుమ్మంలోనే గంధం గిన్నె ముందుకు జరుపుతారు. నేను చెయ్యి వెనక్కి తీసుకుంటాను. నాస్తికుడని కొందరు అనుకుంటారు. ఒంటికి పడదని చెప్పి తప్పించుకుంటాను. అసలు కారణం ఒక టేపురికార్డరు. అది ఒక పల్లెలోని ప్రాథమిక పాఠశాలకు, పిల్లల చదువు కోసమని వచ్చింది. నా భార్య ఆ బడిలో టీచరు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని కూర్చుంటే రాదు. ఆ పెట్టె మీద ఎండి పెచ్చులు లేచిన గంధం నామం మాత్రం వెంటనే కళ్ళ ముందుకు వస్తుంది.

అప్పట్లో మేము పూతలపట్టులో కాపురం ఉండేవాళ్ళం. నేను చిత్తూరులో ఒక లైబ్రరీలో పని చేసేవాణ్ణి. రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. ఆమె బడి తిరుపతి రోడ్డు మీద దిగి లోపలికి నడిచి వెళ్ళవలసిన పల్లెలో ఉండేది. ఒక గది, ఒక వరండా, ఇద్దరు టీచర్లు. గదిలో హెడ్మాష్టరు పై మూడు తరగతులూ పెట్టుకునేవాడు. వరండాలో ఈమె ఒకటి, రెండు తరగతులు చెప్పేది. గదికి తలుపు ఉంది, మూసుకోవచ్చు. వరండాకు ఏమీ లేదు. పైగా బడికి ఆనుకుని చెరుకు గానుగ. చలి మొదలయ్యేసరికి గానుగ నడిచేది. ఇక మూడు నాలుగు నెలలు డీజిల్ ఇంజను మోత, బెల్లం పొంగుల వాసన, ఈగలు. ఆ మోత మీద నుంచి పిల్లలకు వినపడేలా ఆమె పాఠం చెప్పాలి.

ఆమె పాఠం ఎలా చెప్పేదో చెబితేగాని తర్వాత జరిగింది అర్థం కాదు. ఒకటో తరగతి పిల్లలకు పలక, పుస్తకం మొదటి కొన్ని వారాలు ఇచ్చేది కాదు. వరండా గోడ మీద, స్తంభాల మీద, నేల మీద బొగ్గుతో, సుద్దతో అక్షరాలు రాసేది. ఒక్కొక్క అక్షరం ఒక్కొక్క చోట. పిల్లలు మధ్యలో నిలబడేవాళ్ళు.

"బలపంలో 'బ' యాడుండాది?" అని అడిగేది.

పిల్లలు పరుగెత్తి వెళ్ళి ఆ అక్షరం మీద అరచెయ్యి ఆనించి అరిచేవాళ్ళు. "ఈడుండాది టీచర్!"

తప్పు అక్షరం మీద చెయ్యి పెట్టినవాణ్ణి మిగతావాళ్ళే ఎగతాళి చేసేవాళ్ళు. "రేయ్, అది బర్రె 'బ' కాదురా, గాడిద 'గ'! నీ మాదిరే ఉండాది సూడు."

రోజంతా ఇదే ఆట. సాయంత్రానికి పిల్లల అరచేతులు నల్లగా అయ్యేవి. ఇంటికి వెళ్ళాక ఆ చేతులు చూసే వాళ్ళమ్మలు ఈ రోజు చదువు జరిగిందని తెలుసుకునేవాళ్ళట.

పుస్తకంలో 'ఉంది' అని ఉంటే నువ్వు 'ఉండాది' అంటావేమని నేను ఒకసారి అడిగాను. పుస్తకాల మధ్య ఉద్యోగం చేసేవాడి అనుమానం అది.

"ఇంట్లో ఏ మాట మాట్లాడతారో ఆ మాటతోనే గద నోరు తెరిచేది," అంది. "వాళ్ళు నోరు తెరిస్తే నాకు చాలు. 'ఉంది' యాడికీ పోదు. రెండో తరగతిలో నేర్పిస్తాను."

మండలాలు ఏర్పడిన కొత్తలో బడికి సామాను వచ్చింది. గ్లోబు, పటాలు, చెక్క దిమ్మెలు, భూతద్దం, వాటితో పాటు ఒక టూ ఇన్ వన్. అంటే రేడియో, టేపురికార్డరు రెండూ కలిసిన పెట్టె. పిల్లల కోసం హైదరాబాదులో రికార్డు చేసిన పాఠాల క్యాసెట్లు కొన్ని, ఖాళీ క్యాసెట్టు ఒకటి. బడిలో కరెంటు లేదు కాబట్టి పెద్ద సెల్లు వేసి నడపాలి. అది వచ్చిన రోజు ఆమె ఇంటికి వచ్చి అన్నం కూడా సరిగా తినలేదు. అంత ఉత్సాహం.

హెడ్మాష్టరుది తిరుపతిలో గుడి కైంకర్యం చేసే కుటుంబం. మంచివాడని పేరు. పిల్లల్ని కొట్టడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. రోజూ నామం దిద్దుకుని, ఉతికిన పంచె కట్టుకుని, తిరుపతి నుంచి మొదటి బస్సుకు వచ్చేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు అన్నింటికంటే రోత కలిగించేది ఆ మంచితనమే. చెడ్డవాడితో అయితే పోట్లాడవచ్చు.

సామాను వచ్చిన కొద్ది రోజులకే దసరా. మా వైపు ఆయుధపూజ గట్టిగా చేస్తారు. లారీకి, నాగలికి, కత్తిపీటకు, కుట్టుమిషనుకు, అన్నిటికీ గంధం కుంకుమ పెడతారు. హెడ్మాష్టరు బడి సామానుకు పూజ పెట్టాడు. నేను కూడా వెళ్ళాను. గ్లోబుకు పాలిథీను కవరు తియ్యకుండానే పైన కుంకుమబొట్టు పెట్టాడు. తర్వాత టూ ఇన్ వన్ ముందు కూర్చుని, తన నుదుటి మీద ఎంత శ్రద్ధగా దిద్దుకుంటాడో అంత శ్రద్ధగా దాని ముఖం మీద గంధంతో నామం దిద్దాడు. తడి గంధం. అది మైకు కోసం వదిలిన సన్నని బెజ్జాల్లోకి దిగడం నేను చూశాను.

ఒకటో తరగతిలో మనుమరాలున్న గానుగ యజమాని కొబ్బరి ముక్క నములుతూ అన్నాడు. "ఏం సార్, పెట్టెకి నామం పెట్టేసినారే! ఇంక మా పిల్లకాయలకి గూడా పెట్టినట్టేనా?"

అందరూ నవ్వారు. హెడ్మాష్టరు కూడా నవ్వాడు. "నామం పెడితే సామి కాపాడతాడప్పా. ఎట్లాంటి వస్తువది! విలువ తెలిసిన వాళ్ళకి తెలస్తాది."

తర్వాత ఒక క్యాసెట్టు పెట్టి వినిపించాడు. ఒక ఆడగొంతు సన్నగా, తీయగా, "చిన్నారులూ, ఈనాడు మనం ఒక చక్కని పాట నేర్చుకుందామా?" అంది. పిల్లలు బిత్తరపోయి చూశారు.

"ఎవురు టీచర్ ఈయమ్మ?" అని ఒక పిల్ల అడిగింది. "సినిమాలో మాదిరి మాట్లాడతాది."

"మన మాట ఆయమ్మకి వినపడతాదా టీచర్?" అని ఇంకొకడు.

పాట సగంలో ఉండగానే హెడ్మాష్టరు మీట నొక్కి ఆపేశాడు. పెట్టెను అట్టపెట్టెలో పెట్టి, దాన్ని గోతంలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. నవ్వు వచ్చింది నాకు. అప్పటికి అది నవ్వు వచ్చే విషయమే.

ఆ చలికాలంలోనే ఆమె గొంతు బొంగురుపోవడం మొదలైంది. మొదట జలుబు అనుకున్నాం. మిరియాల కషాయం, తులసి, పటికబెల్లం అన్నీ అయ్యాయి. పొద్దున్న కొంచెం బాగుండేది. మధ్యాహ్నానికి సగం మాటకు శబ్దం వచ్చేది, సగం మాటకు గాలి వచ్చేది. చిత్తూరులో చూపిస్తే డాక్టరు చిన్న అద్దం గొంతులోకి పెట్టి చూసి, ఆమె చెయ్యి తీసుకుని, బొగ్గు పట్టుకుని కాయ కాచిన వేలు చూపించాడు.

"అరిచీ అరిచీ గొంతులో కూడా ఇట్లాగే కాయలు కాసినాయమ్మా. ఇప్పుడు గొంతుకు రెస్టు ఇస్తే అవే తగ్గుతాయి. ఇవ్వకపోతే వేలూరు పోయి తీయించుకోవాల. తీసినాంక గొంతు ముందు మాదిరే ఉంటుందని నేను చెప్పలేను."

"మాట్లాడకుండా పాఠం ఎట్లా చెప్పేది సార్?"

"మాట్లాడొద్దనలేదు. అరవొద్దంటున్నాను."

బస్సులో వస్తూ ఆమె వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే చెప్పింది. ఇంట్లో తలుపులు వేసుకుని, మెల్లగా, మైకుకు దగ్గరగా కూర్చుని ప్రశ్నలన్నీ ఖాళీ క్యాసెట్టులో చెప్పి పెడుతుంది. ప్రశ్నకీ ప్రశ్నకీ మధ్య పిల్లలు పరుగెత్తి వెళ్ళి చెయ్యి ఆనించే అంత ఖాళీ వదులుతుంది. బడిలో పెట్టె పెద్దగా పెడితే అరిచే పని పెట్టె చేస్తుంది. ఆమె పక్కన నిలబడి తప్పులు దిద్దితే చాలు. గానుగ ఇంజను ఆగేదాకా అలా గడిపితే గొంతు నిలుస్తుంది.

నాకు తెలిసి ఆ టూ ఇన్ వన్ చేయగలిగిన పనుల్లో అంతకంటే మంచిది ఎవరూ ఆలోచించలేదు. దాన్ని పంపినవాళ్ళు కూడా ఆలోచించి ఉండరు.

శనివారం ఒంటిపూట బడి. నేను కూడా వెళ్ళాను. హెడ్మాష్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, ఆమె చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. ఆమె మాట మధ్యలో తెగిపోయినప్పుడల్లా జాలిగా తల ఊపాడు.

"నీ గొంతు సంగతి నాకు తెలీదా అమ్మా. గోడవతల్నించి వింటా ఉండాను గదా. మా ఇంట్లో పాతబెల్లం ఉండాది, శొంఠి కలిపి దంచి తెస్తాను."

"పెట్టె ఇస్తే చాలు సార్," అంది.

"సెల్లు మేమే తెచ్చుకుంటాం సార్," అన్నాను నేను.

"సెల్లుదేముందప్పా! పిల్లకాయలు గదా. ఒకడు మీట నొక్కుతాడు, ఒకడు కింద పడేస్తాడు. రేపు పైనుంచి ఎవరన్నా వచ్చి పెట్టె యాడుండాదయ్యా అంటే నేనేం చూపించాల? నాకు రిటైరుమెంటు దగ్గర పడింది. పెన్షను ఆపేస్తారు."

"పెట్టె వచ్చింది పిల్లలకే గద సార్."

"పిల్లలకేనమ్మా! పిల్లలకి కాకపోతే నాకా? అందుకే గద ఇంత భద్రంగా పెట్టినాను."

ఈ మాట అతను ఎగతాళికి అనలేదు. నమ్మి అన్నాడు. కళ్ళలో ఎక్కడా మోసం లేదు. అక్కడే కూర్చుని బీరువా వైపు చూశాను. తలుపు సందులోంచి పటాల కాగితాలు కనపడుతున్నాయి. చుట్టలు చుట్టలుగానే ఉన్నాయి, విప్పలేదు. అడుగున ఎలుక పెంటికలు. గ్లోబు కవరు మీద కుంకుమ నల్లబడి ఉంది. ఆ బీరువా ముందు నేల మీద కూర్చుని మూడో తరగతి పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్నారు.

సోమవారం నిజంగానే పాతబెల్లం, శొంఠి తెచ్చి ఇచ్చాడు. ఆమె పుచ్చుకుంది. ఇంటికి తెచ్చి పెరట్లో కుక్కకు వేసింది. కుక్క కూడా శొంఠి వాసన చూసి వదిలేసింది.

పెట్టె బయటికి రాలేదని కాదు. శనివారం శనివారం ఒక సంచిలో తిరుపతి బస్సు ఎక్కేది. సోమవారం మొదటి బస్సుకు తిరిగి వచ్చేది. అడిగితే, వాడకుంటే చెడిపోతుందమ్మా, ఇంట్లో కాసేపు భజన పాటలు పెట్టి చూస్తాను అనేవాడు.

"ఆ బడిలో సెలవు లేనిది పెట్టెకి ఒక్కదానికే," అంది ఆమె ఒకరోజు నాతో. "పాపం, వారం వారం కొండ కింద దాకా పోయి గోవిందా కొట్టి వస్తాది." నవ్వబోతే దగ్గు వచ్చింది.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు వచ్చింది. పైనుంచి వచ్చిన సామాను వాడుతున్నారా లేదా అని చూడడానికట. హెడ్మాష్టరు ఆమె దగ్గరికి వచ్చి తనే అడిగాడు.

"అమ్మా, నువ్వు అప్పుడు చెప్పినావే, టేపులో పాఠం, అది ఇన్‌స్పెక్టరు ముందర చేసి చూపించు. నీ ఆట బ్రహ్మాండంగా ఉంటాది."

అది ఆమె గొంతు కాస్త తేరుకున్న వారం. సెలవుల్లో ఆమె నాతో కూడా సైగలతోనే మాట్లాడింది. ఆ రోజు ఏం జరిగిందో సాయంత్రం ఇంటికి వచ్చి నాకు చెప్పింది. ముందుగా వెళ్ళి, జడలోని హెయిర్‌పిన్ను తీసి మైకు బెజ్జాల్లో గట్టిపడిన గంధాన్ని గీకి గీకి తీసిందట. ఖాళీ క్యాసెట్టు పెట్టి మీట నొక్కి, ఎప్పటిలాగే అడగడం మొదలుపెట్టింది. పిల్లలు ఎప్పటిలాగే పరుగెత్తారు, అరిచారు. ఇన్‌స్పెక్టరుకు నచ్చింది. ఒకసారి మాత్రం మధ్యలో అందుకున్నాడు.

"'ఉండాది' ఏందమ్మా? 'ఉన్నది' అనిపించండి. రికార్డవుతోంది గదా."

"అనిపిస్తా సార్, రెండో తరగతిలో," అందట ఈమె. పిల్లలు నవ్వారట. ఇంకా కొన్ని అక్షరాలు మిగిలి ఉండగానే హెడ్మాష్టరు ఆపించేశాడు. తర్వాత టేపును వెనక్కి తిప్పి వినిపిస్తే, పెట్టెలో నుంచి తమ గొంతులే వచ్చేసరికి పిల్లలు వరండా ఎగిరిపోయేలా గోల చేశారు. ఒక పిల్ల పెట్టె వెనక్కి వెళ్ళి చూసి వచ్చింది. అన్నిటికంటే విచిత్రం, పెట్టెలో నుంచి "'మ' యాడుండాది?" అని టీచరు గొంతు వినగానే నలుగురు పిల్లలు మళ్ళీ పరుగెత్తి వెళ్ళి స్తంభం మీద చెయ్యి పెట్టారు. టీచరు పక్కనే నోరు మూసుకుని నిలబడి ఉంది.

"చూసినారా," అంది నాతో, "నేను అరవలేదు. వాళ్ళు పరిగెత్తినారు." ఈ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖం నాకు గుర్తుంది. గొంతు గుర్తు లేదు.

ఇక పెట్టె ఇస్తారనే అనుకున్నాం. మర్నాడు ఆమె వెళ్ళి అడిగితే హెడ్మాష్టరు రెండు చేతులూ జోడించాడట.

"ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్న టేపమ్మా అది! ఇంక దాన్ని ఊరికే వాడతామా? భద్రంగా పెట్టాల."

పండగకు ఆగిన గానుగ అప్పటికే మళ్ళీ నడుస్తోంది. ఆ సంవత్సరం చెరుకు బాగా పండింది. మాఘమాసం పోయి ఫాల్గుణం వచ్చినా ఇంజను ఆగలేదు. ఆమె స్తంభానికి స్తంభానికి తిరిగి, పిల్లల చెవి దగ్గర వంగి అక్షరం చెప్పేది. అంతమంది చెవులకు వంగడం కుదరక మళ్ళీ అరిచేది. ఉగాది నాటికి గొంతు పూర్తిగా పోయింది. వేలూరు తీసుకెళ్ళాను. తీశారు. వాళ్ళు చేయగలిగింది చేశారు. గొంతు రాలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆమె గుసగుసగానే మాట్లాడింది.

ఆమె గొంతు పోవడానికి ఆ టేపురికార్డరే కారణమని నేను అనను. డాక్టర్లు అనలేదు, ఆమె కూడా అనలేదు. ఇంజనుతో పోటీపడి పోయింది. కాని ఆమె అరుస్తున్నంతసేపూ, ఆమె గొంతు పక్క గదిలో, బీరువాలో, గోతంలో చుట్టి ఉంది. అక్కడ అది చాలా భద్రంగా ఉంది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కోపం రాదు. పాచిపోయిన అన్నం గిన్నె మూత తీసినట్టు ఉంటుంది.

వైశాఖంలో హెడ్మాష్టరు కూతురి పెళ్ళి తిరుపతిలో. నా భార్య వెళ్దామంది. సత్రంలో నాదస్వరం వాయించేవాళ్ళ ముందు ఒక స్టూలు మీద టూ ఇన్ వన్ ఉంది. పెళ్ళికని దానికి కొత్తగా గంధం నామం దిద్దారు. మేళం రికార్డవుతోంది. ఎవరో పెద్దాయన వచ్చేపోయేవాళ్ళను కేకలేస్తున్నాడు. "అప్పా, అడ్డం పోవద్దు, టేపు తిరగతా ఉండాది!"

హెడ్మాష్టరు ఎదురొచ్చి మా చేతులకు గంధం పూశాడు. "టీచరమ్మా, గొంతు ఎట్లుండాది?" అని అడిగాడు. ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చూపింది. "వస్తాది, వస్తాది. సామి ఉండాడు," అన్నాడు. మేము భోజనం చేసి వచ్చాం. బస్సులో ఆమె గంధం పూసిన చెయ్యి కిటికీ బయట పెట్టి కూర్చుంది, ఎండిపోయి రాలిపోయేదాకా.

బడి తెరిచాక ఆమె కొన్నాళ్ళు వెళ్ళింది. చప్పట్లతో, కర్రతో నేల మీద కొట్టి, సైగలతో చెప్పింది. గొంతు లేని టీచరు ఒకటో తరగతికి ఎందుకని ఇన్‌స్పెక్టరు అన్నాడని తెలిసింది. అతనే ఆమె పాఠం మెచ్చుకున్నది. ఆమె రాజీనామా ఇచ్చింది. మేము తిరుపతికి మారిపోయాం. కొన్నేళ్ళకు ఒక జ్వరం వచ్చి, అది తగ్గినట్టే తగ్గి, తిరగబెట్టి ఆమెను తీసుకుపోయింది.

కర్మాంతరం నాడు హెడ్మాష్టరు వచ్చాడు. అప్పటికి రిటైరయ్యాడు. పెన్షను వస్తోంది. నా పక్కన చాప మీద కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం గొంతప్పా ఆయమ్మది! గంట మాదిరి ఉండేది. గోడవతల నేను పాఠం ఆపేసి వింటా ఉంటిని."

కండువాతో ముక్కు తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు.

"ఇన్‌స్పెక్టరు వచ్చిన దినం టేపు పట్టినాం గదా. అది ఆడనే ఉంటాది చూడప్పా, బీరువాలో. నేను పోనిచ్చేవాణ్ణా! అంత భద్రంగా పెట్టినాను."

మనిషి మీద ఎంత అసహ్యం ఉన్నా, అతను చెప్పిన మాట పట్టుకుని పరుగెత్తవలసి రావడం ఇంకొక అసహ్యం. మరుసటి రోజే వెళ్ళాను.

బడిలో కొత్త టీచరమ్మ ఉంది. వరండా గోడలకు సున్నం వేశారు. సంగతి చెబితే పాపం ఆమె పాఠం ఆపి బీరువా తెరిచింది. తాళం తుప్పు పట్టి ఉంటే రాయితో కొట్టవలసి వచ్చింది.

"నేనొచ్చినాంక దీన్ని తెరవలేదు సార్. దేనికీ పనికిరాదు, కండెం చేసేయాలన్నారు."

తలుపు తీయగానే చెద వాసన, ఎలుకల వాసన. పటాలు మట్టిచుట్టలై ఉన్నాయి. చేత్తో ముట్టుకుంటే పొడి రాలింది. గ్లోబు కవరులోనే ఉంది. గోతం విప్పితే పెట్టె బయటపడింది. దాని ముఖం మీద నామం, పొరల మీద పొరలు, ఏటేటా ఆయుధపూజకు దిద్దింది. వెనక మూత ఊడదీశాను. సెల్లు పగిలి లోపలే కారిపోయి ఉన్నాయి. తీగల మీద, స్ప్రింగుల మీద పచ్చగా, తెల్లగా బూజులాంటిది పట్టింది. చీము గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి పిల్లల కోసం ఎవరూ వాడకుండా, చివరికి లోపలున్న సెల్లును కూడా తియ్యకుండా, పైన మాత్రం బొట్టు పెడుతూ వచ్చారు.

క్యాసెట్టు లోపలే ఉంది. మీట పనిచేయలేదు. మూత పగలగొట్టి తీశాను.

ఇంట్లో నాకు టేపురికార్డరు లేదు. తిరుపతి చేరేదాకా ఆగలేక, చిత్తూరు బజారులో క్యాసెట్లలో పాటలు ఎక్కించి ఇచ్చే షాపుకు తీసుకెళ్ళాను. షాపతను క్యాసెట్టును గుడ్డతో తుడిచి, పెన్సిలు పెట్టి రీలు బిగించి, పెట్టాడు.

నాదస్వరం వచ్చింది.

"పెండ్లి క్యాసెట్టా సార్?" అన్నాడు. "మేళం బాగుండాదే. ఎవరిది?"

"ముందుకు పోనియ్యండి," అన్నాను.

ముందుకు పోనిచ్చాడు. నాదస్వరం. ఇంకా ముందుకు. గట్టిమేళం. తాళి కట్టిన గోల, ఎవరో ఎవరినో అక్షింతలు వేయమని కేకలు. నేను స్టూలు మీద కూర్చుని విన్నాను. చివరికి మేళం మధ్యలో టక్కుమని తెగింది. ఒక క్షణం బరబరమని శబ్దం. తర్వాత గానుగ ఇంజను. దాని మీద నుంచి చిన్నపిల్లల గొంతులు, అన్నీ ఒక్కసారిగా.

"ఈడుండాది టీచర్!"

వెంటనే హెడ్మాష్టరు గొంతు, మైకుకు దగ్గరగా, ఎంతో స్పష్టంగా.

"చాలమ్మా, ఆపెయ్. సెల్లు అయిపోతాయి."

అంతే. ఆ తర్వాత ఖాళీ. షాపతను రెండో వైపు కూడా వేసి చూశాడు. అందులో ఏమీ లేదు.

"ఎవరు సార్ ఆయన?" అని అడిగాడు.

"హెడ్మాష్టరు," అన్నాను.

"మళ్ళీ పెట్టమంటారా?"

వద్దన్నాను. పిల్లలు జవాబు చెప్పారు కాబట్టి ఆమె ఏమని అడిగి ఉంటుందో నాకు తెలుసు. ఏ అక్షరమో మాత్రం తెలియదు. అతను క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టాడు. ఎంత తుడిచినా దాని సందుల్లో గంధం ఇంకా ఉంది. నా వేళ్ళకు అంటింది. చేతులు కడుక్కోవడానికి కాసిన్ని నీళ్ళు ఇమ్మని అడిగాను.